చదువరి లెక్కపుస్తకం

మన పత్రికల్లో రచయిత మీద వ్యాసాలు వస్తాయి. రచన మీద వస్తాయి. విమర్శకుడి మీద కూడా అప్పుడప్పుడూ వస్తాయి. చదివేవాడి మీద మాత్రం దాదాపు రావు. పాఠకుడు అనే మాటను ప్రతి సమీక్షలోనూ వాడతాం. పాఠకుణ్ణి ఆలోచింపజేస్తుందనీ, పాఠకుడికి కర్తవ్యం గుర్తు చేస్తుందనీ అలవాటుగా రాసేస్తాం. ఇంతకూ ఆ పాఠకుడు ఎవరు? రోజులో ఏ వేళ చదువుతాడు? ఆ వేళ అతనికి ఎక్కణ్ణుంచి వచ్చింది? చదివింది చివరికి ఏమవుతుంది? ఈ ప్రశ్నలు వేసుకోకుండా సాహిత్య ప్రయోజనం గురించి ఎంత మాట్లాడినా అది సగం మాటే. ఇతరుల అలవాట్ల మీద తీర్పు చెప్పే హక్కు నాకు లేదు కనక, నా సొంత అలవాట్లనే ఇక్కడ విమర్శకు పెడుతున్నాను.

నేను నంద్యాలలో వుంటాను. బడిపంతులుగా పనిచేసి విరమించినవాణ్ణి. తెల్లవారుజామున అయిదింటికి లేచి, కాఫీ తాగి, ఏడింటి దాకా చదువుతాను. అది చరిత్ర, అర్థశాస్త్రం, విమర్శ వంటి బరువైన పుస్తకాలకు కేటాయించిన వేళ. ఆ తర్వాత దినపత్రికలు. మధ్యాహ్నం కథలు, నవలలు. రాత్రి పడుకోబోయే ముందు కాసేపు కవిత్వం. బస్సెక్కితే సంచిలో ఒక సన్నపాటి పుస్తకం వుండాల్సిందే. చేతిలో పెన్సిలు లేకుండా చదవలేను. ఇది యాభై ఏళ్ల అలవాటు.

దీనితో పాటు ఇంకో అలవాటు కూడా వుంది. 1974 నుంచి ఒక లెక్కపుస్తకం రాస్తున్నాను. వరస సంఖ్య, పుస్తకం పేరు, రచయిత పేరు, ముగించిన తేదీ - నాలుగు గళ్లు. ఏడాదికి వంద పుస్తకాలు అనేది నాకు నేను పెట్టుకున్న లక్ష్యం. అన్ని సంవత్సరాలూ అందలేదు. కానీ డిసెంబరు నెలలో లెక్క తగ్గుతున్నట్టు కనబడితే, అలమరలో పలచటి పుస్తకాలు ఏరి, వాటిని గబగబా చదివి వంద పూర్తి చేసిన సంవత్సరాలు వున్నాయి. ఇది చెప్పుకోడానికి సిగ్గుగా వుంది. అయినా చెప్పాలి. వరస సంఖ్య మూడున్నర వేలు దాటింది. చాలాకాలం ఆ సంఖ్యను చూసి గర్వపడ్డాను.

ఆ గర్వానికి దెబ్బ ఆళ్లగడ్డలో తగిలింది.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ నలభై కిలోమీటర్ల పైచిలుకు. శిరివెళ్ల మీదుగా వెళ్లే బస్సులో నలభై పేజీలు సాగుతాయి. ఆళ్లగడ్డ శిల్పుల వూరని అందరికీ తెలుసు. రోడ్డు పక్క రేకుల షెడ్లలో సగం చెక్కిన దేవుళ్లూ, ముఖం ఇంకా తేలని నాయకులూ నిలబడి వుంటారు. ఉలి చప్పుడుతో పాటు ఇప్పుడు కోత మిషన్ల రొద కూడా వినిపిస్తుంది. అక్కడ నా పాత విద్యార్థి ఒకడు శిల్పి. ఎనిమిదో తరగతితో బడి మాని తండ్రి దగ్గర ఉలి పట్టుకున్నాడు. రెండేళ్ల కింద ఏదో పని మీద ఆ వూరు వెళ్లి, వాడి షెడ్డు దగ్గర కూచున్నాను. నా చేతిలో పుస్తకం చూసి వాడు అడిగాడు:

"సార్, మీరు బస్సులో గూడ సదువుకుంటానే వస్తారు. అన్ని పుస్తకాలు సదివినారు గదా, ఒగటి చెప్పండి సార్. పని చేసుకుంటా వింటాం."

నేను నోరు తెరిచాను. అంతకు ముందు నెలలో ఎనిమిది పుస్తకాలు ముగించివున్నాను. ఎనిమిదింటి పేర్లూ వరసగా చెప్పగలను. ఏ రచయిత దృక్పథం ఏమిటో, ఎవరికి ఎక్కడ పరిమితులున్నాయో చెప్పగలను. కానీ ఒక్క కథను మొదటి నుంచి చివరి దాకా నలుగురూ వినేట్టు చెప్పడానికి నాకు ఏదీ అందలేదు. చివరికి, ఆ వేళ చేతిలో వున్న నవల గురించి, "వస్తువు మంచిదే గానీ, శిల్పం బలహీనంగా వుంది రా" అన్నాను.

వాడు ఉలి పక్కన పెట్టాడు. "శిల్పం బలహీనమంటే ఏంది సార్? యాడ పగిలింది?" అన్నాడు.

వాడు ఎగతాళికి అడగలేదు. వాడి వృత్తిలో అది మొదట తేల్చుకోవలసిన సంగతి. రాయి తీసుకున్నాక సుత్తితో తట్టి చప్పుడు వింటారు. చప్పుడు మారిన చోట లోపల బీటు వుందని అర్థం. బీటు వుందనడం చాలదు, ఎక్కడుందో వేలు పెట్టి చూపించాలి. చూపించలేనివాడి మాట ఆ షెడ్డులో ఎవరూ వినరు. మనం మాత్రం ఎన్ని దశాబ్దాలుగా ఆ మాటను ఎంత తేలిగ్గా వాడుతున్నాం! శిల్పం సడలింది, శిల్పం కుదరలేదు, వస్తుశిల్పాల సమన్వయం లోపించింది - ఎక్కడ, ఏ పేజీలో, ఏ వాక్యం దగ్గర? నేను రాసిన సమీక్షల్ని ఆ రాత్రి తీసి చూసుకున్నాను. శిల్పం గురించి తీర్పులున్నాయి. పగులు చూపించిన చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

కారణం వెతికితే లెక్కపుస్తకం దగ్గరికే వచ్చింది. ముగించిన తేదీ వేయాలనే తొందరతో చదివేవాడికి పుస్తకంలో ఆగడం కుదరదు. ఆగనివాడికి చప్పుడు మారిన చోటు వినిపించదు. అప్పుడు మిగిలేది తయారుగా వున్న మాటలే. అంటే మన విమర్శలోని తయారుమాటలకూ మన చదువు అలవాట్లకూ నేరుగా సంబంధం వుంది. విమర్శకుల భాష మీద మనం చర్చలు జరిపాం గానీ, ఆ భాష తయారయ్యే వేళను, ఆ తొందరను ఎవరూ పట్టించుకోలేదు.

పుస్తకాల పట్టీ అనగానే నాకు కన్యాశుల్కంలో గిరీశం గుర్తొస్తాడు. వెంకటేశం ఇంట్లోవాళ్ల దగ్గర డబ్బు రాబట్టడానికి గిరీశం పుస్తకాల పట్టీ ఒకటి రాయిస్తాడు. ఆ పట్టీలో చదవడానికి వుద్దేశించింది దాదాపు ఏమీ లేదు. అది చూపించడానికి రాసిన పట్టీ. ఆ ఘట్టం చదివినప్పుడల్లా నవ్వాను. నవ్విన ప్రతిసారీ నేను గిరీశానికి ఎదుటి పక్షంలో వున్నాననుకున్నాను. ఇంగ్లీషు కవుల పేర్లు దొర్లించి ఎదుటివాళ్లను కట్టిపడేసే గిరీశం, విదేశీ విమర్శకుల పేర్లు దొర్లించి సభను కట్టిపడేసిన నేను - తేడా ఎంత? గిరీశానికి తాను మోసం చేస్తున్నానని తెలుసు. నాకు అది కూడా తెలియదు.

ఇక్కడ మా యింటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. పెళ్లయిన కొత్తలో, నంద్యాలలో అద్దెకు పుస్తకాలిచ్చే చిన్న బంకులుండేవి. రోజుకు పావలా. మా ఆవిడ మధ్యాహ్నం రెండింటికి, వంటా అంట్లూ బట్టలూ అయిన తర్వాత, ఆ అద్దె నవల పట్టుకునేది. మర్నాటికి తిరిగి ఇవ్వాలి కనక ఆ రెండు గంటల్లోనే, లేదా రాత్రి అందరూ పడుకున్నాక, ముగించాలి. వారపత్రికల సీరియళ్లు వారం వారం చదివేది. 1978లో చతుర మొదలైన తర్వాత నెలకొక నవల ఇంటికొచ్చేది. తులసిదళం వంటి నవలల మీద క్షుద్ర సాహిత్యం అనే చర్చ లేచిన రోజుల్లో నేను ఇంట్లో పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. ఆ నవలల మీద నా అభిప్రాయాలు చాలావరకు ఇప్పటికీ మారలేదు. కానీ ఆ పాఠకురాలి మీద నా అభిప్రాయం తప్పు. తప్పు అని ఇన్నేళ్లకు ఒప్పుకుంటున్నాను.

నేను చదివేదాన్ని అధ్యయనం అన్నాను. ఆమె చదివేదాన్ని కాలక్షేపం అన్నాను. నా అధ్యయనానికి తెల్లవారుజామున రెండు గంటలు దొరికాయంటే, ఆ అయిదు గంటల కాఫీ ఎవరు పెట్టారు? పిల్లలు లేస్తే ఎవరు చూసుకున్నారు? నా చదువు వేళ ఆమె శ్రమలోంచి వచ్చింది. ఆమె చదువు వేళ ఆమె నిద్రలోంచి వచ్చింది. ఈ అర్థశాస్త్రం నేను చదివిన ఏ అర్థశాస్త్ర గ్రంథంలోనూ నాకు కనబడలేదు. కనబడివుంటుంది, ఆ పేజీ దగ్గర ఆగి వుండను.

ఇంకొక సంగతి. సాయంత్రం అరుగు మీద కూచున్న చదువురాని ఇరుగుపొరుగు ఆడవాళ్లకు ఆమె ఆ నవలలన్నీ కథగా చెప్పేది. వాళ్లు మధ్యలో ఆపి అడిగేవారు: వాడు అట్లా ఎందుకు చేసినాడు, ఆ పిల్ల ఎందుకు నోరు మూసుకుంది అని. ఆమె జవాబు చెప్పేది, కొన్నిసార్లు రచయితతో విభేదించి చెప్పేది. ఆళ్లగడ్డ షెడ్డులో నేను చేయలేకపోయిన పనిని ఆమె నలభై ఏళ్ల కిందే మా అరుగు మీద చేసింది. ఆ అద్దె బంకులు పోయాయి. చతుర, విపుల 2021లో ఆగిపోయాయి. ఆమెకు నెలనెలా వచ్చే పుస్తకం లేకుండా పోయింది. మేం మా సభల్లో పాఠకులు తగ్గిపోతున్నారని విచారిస్తూ తీర్మానాలు చేశాం. తగ్గిపోయిన ఆ పాఠకుల్లో ఆమె వున్నదని మాకు తట్టలేదు.

చదవడం అంటే ఎక్కువ చదవడం కాదనడానికి ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. నంద్యాల చరిత్రలోనే వుంది. 1800లో నిజాం కంపెనీకి ధారాదత్తం చేసిన జిల్లాలను దత్తమండలాలు అన్నారు. నూరేళ్లకు పైగా ఆ మాట దస్తావేజుల్లో, పత్రికల్లో, ప్రసంగాల్లో నడిచింది. ఎన్ని వేలమంది చదివి వుంటారో. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు, ఆ పేరు వద్దనీ, ఈ ప్రాంతాన్ని రాయలసీమ అనాలనీ చిలుకూరి నారాయణరావు ప్రతిపాదించారు. ఎవరో ఎవరికో ఇచ్చేసినవాళ్లం అని మన గురించి మనమే చెప్పుకునే ఒక మాట దగ్గర ఒక చదువరి ఆగాడు. అందరూ దాటిపోయిన మాట అది. ఆ ఆగడంలోంచి ఒక ప్రాంతానికి పేరొచ్చింది. నేను మూడున్నర వేల పుస్తకాల్లో ఎన్ని మాటల దగ్గర అట్లా ఆగాను?

ఇంతవరకూ చెప్పినదాన్ని బట్టి, తక్కువ చదవండి అని నేను బోధిస్తున్నానని ఎవరైనా అనుకోవచ్చు. అది కాదు. పది నవలలు చదవనివాడు పదకొండో నవలలో కొత్త ఏదో, పాత ఏదో చెప్పలేడు. ఒకే గ్రంథాన్ని జీవితమంతా పట్టుకుని వూగేవాళ్ల మూర్ఖత్వం కూడా మనకు తెలిసిందే. విస్తారంగా చదవాలి. కానీ విస్తారం ఒక సాధనం. దాన్నే లక్ష్యం చేసుకుంటే చదువు కూడా కూడబెట్టే ఆస్తిలాగా తయారవుతుంది. ఎకరాలు ఇన్ని అని చెప్పుకున్నట్టే పుస్తకాలు ఇన్ని అని చెప్పుకోవడం. ఈ ఏడు ఇన్ని చదివాను, వచ్చే ఏడు ఇన్ని చదువుతాను అని ప్రకటించుకోవడం ఇప్పుడు కొత్త తరంలో కూడా బాగా పెరిగింది. వాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు. నేను వాళ్లకంటే యాభై ఏళ్ల ముందే మొదలుపెట్టాను.

మరి చదువుకు వేళే దొరకనివాళ్ల మాట ఏమిటి? ఈ ప్రశ్న వేసినవాళ్లు మనకు ముందే వున్నారు. 1883లో కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో స్వరాజ్య పత్రికలో రాసిన రాతకు జైలుకు పోయిన మనిషి. తర్వాతి జీవితంలో అధికభాగం ఆయన గ్రంథాలయాలకూ వయోజన విద్యకూ ఇచ్చారు. 1914లో బెజవాడలో పుట్టిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని అయ్యంకి వెంకటరమణయ్య వంటివాళ్లతో కలిసి నడిపారు. ఆ ఉద్యమం వేసుకున్న ప్రశ్న, వున్న పాఠకుడికి ఎన్ని పుస్తకాలు ఇవ్వాలని కాదు. పుస్తకం దగ్గరికి రాలేని మనిషి దగ్గరికి పుస్తకం ఎట్లా పోవాలని. 1935లో పాతూరి నాగభూషణం కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించింది అందుకే. ఒడ్డు వూళ్లవాళ్లు పడవ వచ్చే రోజు కోసం ఎదురుచూసేవారు.

ఆ ఉద్యమ ఫలితంగానే 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఈ సంగతి నా శిష్యుడికి చెప్పినప్పుడు వాడు నమ్మలేదు. ఇంట్లోంచి పన్ను రశీదు తెచ్చి చూసుకున్నాడు. "అంటే మా నాయిన కాలం నుంచి మేం గూడ పుస్తకాలకు దుడ్లు కట్టినామా సార్?" అన్నాడు. కట్టారు. కట్టినవాడికి ఉదయం ఎనిమిది నుంచి పొద్దు గూకే దాకా రాతిపొడిలో పని. గ్రంథాలయం తెరిచివుండే వేళకు వాడి చేతులు ఖాళీగా వుండవు. వాడు కట్టిన పైసలతో కొన్న పుస్తకాలను మధ్యాహ్నం ఫ్యాను కింద కూచుని చదివి లెక్కపుస్తకంలో వేసుకున్నది నేను. ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు. గ్రంథాలయాలు వుండాలి, ఇంకా ఎక్కువ వుండాలి. కానీ చదివినవాడికి ఒక బాకీ వుంది. ఆ బాకీ లెక్క నా నాలుగు గళ్లలో ఎక్కడా లేదు.

అందుకని నిరుడు ఎండాకాలం నుంచి శనివారం శనివారం ఆళ్లగడ్డ పోతున్నాను. భోజనాల వేళ మిషన్లు ఆపుతారు. ఆ నలభై నిమిషాలు నేను చదువుతాను, వాళ్లు వింటారు. కొత్త సంగతేమీ కాదు. అహోబిల నరసింహుడికి అంకితంగా ఎర్రన రాసిన నృసింహపురాణం ఈ ప్రాంతపు జనానికి చేరింది చదివి కాదు, విని. మొదట కథలు చదివాను. తర్వాత కన్యాశుల్కం మొదలుపెట్టాను. ఉత్తరాంధ్ర పలుకుబడి వాళ్లకు మొదట్లో తమాషాగా వుండి నవ్వారు. రెండో శనివారానికి పాత్రలను పేర్లతో పిలవడం మొదలుపెట్టారు.

కన్యాశుల్కం 1892లో మొదట ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో పెంచి మార్చి మళ్లీ వేశారు. ఈ తేదీలన్నీ నాకు కంఠతా వచ్చు. నా లెక్కపుస్తకంలో అది మూడుసార్లు వుంది. అయినా షెడ్డులో చదువుతున్నప్పుడు నాకు తెలియని నాటకం ఒకటి బయటపడింది. లుబ్ధావధాన్లుతో సుబ్బికి పద్దెనిమిది వందలకు కుదిరిన బేరం దగ్గర మేం పండితులం సంఘసంస్కరణ గురించి మాట్లాడతాం. నా శిష్యుడు, "విగ్రహానికి మాకు అడ్వాన్సు ఇచ్చేటోడు గూడ ముందు కొలతలు అడుగుతాడు సార్. ఈ ముసలోడు పిల్లను చూడను గూడ చూడలే" అన్నాడు. ఒక మనిషిని సరుకు చేస్తే సరుకుకిచ్చే పాటి గౌరవం కూడా దక్కదని నేను పది పేజీల్లో రాయగలిగివుండేవాణ్ణి. వాడు చేతిలో పని లేని నలభై నిమిషాల్లో ఒక ముక్కలో అన్నాడు. అట్లా అనడానికి వాడు పుస్తకాలు వంద చదవలేదు. ఆ చోట ఆగాడు, అంతే.

కనక నా లక్ష్యాలను మార్చుకున్నాను. మొదటిది, లెక్కపుస్తకంలో వరస సంఖ్య గడి కొట్టేశాను. దాని స్థానంలో ఎవరికి చెప్పాను అనే గడి పెట్టాను. ఈ ఏడాది అది చాలా చోట్ల ఖాళీగానే వుంది. రెండోది, చదివేవాటిలో సగం ఇదివరకు చదివినవే వుండాలి. కంటి ఆపరేషన్ అయ్యాక ఇక మిగిలిన చూపుతో ఎన్ని పేజీలు చదవగలనో లెక్క వేసుకునే వయసు ఇది. కొత్తవాటికంటే సరిగా చదవనివే నాకు ఎక్కువ బాకీ వున్నాయి. మూడోది, పగులు ఎక్కడో చూపించలేనప్పుడు శిల్పం అనే మాట రాయకూడదు. ఈ నియమం పెట్టుకున్న తర్వాత నా సమీక్షలు మూడోవంతు తగ్గిపోయాయి. నాలుగోది, మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా ఇంటి పని నాది. ఆ వేళ మా ఆవిడ చదువుకుంటుంది. ఏం చదువుతున్నావని నేను అడగను. ఆమే చెప్తే వింటాను.

పోయిన శనివారం కన్యాశుల్కం ముగిసింది. మధురవాణి బయటపెట్టిన నిజంతో గిరీశం ఎత్తు చిత్తయింది, సౌజన్యారావు పంతులు బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపించే ఏర్పాటు చేశాడు. పుస్తకం మూశాను. అందరూ గిరీశం గురించే మాట్లాడుతున్నారు. విగ్రహానికి పాలీషు పడుతున్న నా శిష్యుడి భార్య తల ఎత్తకుండానే అడిగింది:

"పూనా పంపిచ్చినారు సరే సార్, ఆడ ఆమె ఏం చేసింది? చదువుకునిందా?"

ఆమె అయిదో తరగతి దాకా చదివింది. కూతురు నంద్యాలలో ఇంటర్మీడియెట్ చదువుతోంది. కన్యాశుల్కం మీద నేను చదివిన విమర్శలో, రాసిన విమర్శలో, బుచ్చమ్మను పూనా బండి ఎక్కించిన తర్వాత ఆమె వెంట ఎవరూ పోలేదు. నేనూ పోలేదు. నాటకంలో జవాబు లేదు. కానీ ప్రశ్నకు వెళ్లే దారి లేకపోలేదు. పండిత రమాబాయి 1889లో బొంబాయిలో పెట్టిన శారదా సదనం మరుసటి సంవత్సరం పూనాకు వచ్చింది. కార్వే 1896లో పూనాలో వితంతువుల కోసం సంస్థ పెట్టాడు. అక్కడికి వచ్చిన ఆడపిల్లలకు ఏం నేర్పారు, ఏ వేళ నేర్పారు, వాళ్లు చదువుకుని ఎక్కడికి పోయారు - ఇవన్నీ ఎవరో ఒకరు రాసే వుంటారు.

వచ్చే శనివారం లోపల వెతికి చెప్తానమ్మా అన్నాను. ఈ నెలకు నా లక్ష్యం అదొక్కటే.